బొరుగుల గంప మోసిన బిడ్డ

“వద్దురా భరతా. ఆ కథ మాత్రం చెప్పొద్దు. వీడియో ఒకసారి బయటికి పోతే మళ్ళా పట్టుకోలేం. ఎవరో ఒకరు ఎత్తిచూపుతారు. మన సరుకు ముట్టుకునేవాళ్ళు ఉండరు. తల యాడ పెట్టుకుంటాం?”

పొద్దుటి నుంచీ కుప్పమ్మది ఇదే పాట. కొడుకు భరత్ ఫోనులో ముఖం చూసుకుంటూ క్రాపు సర్దుకుంటున్నాడు.

“పేదరికం చెప్పుకుంటే పరువు పోతాదామా? ఇప్పుడు జనాలకు కావాల్సింది అదే. కుప్పంలో కొత్త అంగడి తెరస్తాండాం. ఈ వీడియో ఆడితే మదనపల్లె, పుంగనూరు, కుప్పం మూడూళ్ళలోనూ మన పేరే. అయినా మనింటి కథే గదా!”

“మనింటి కథే. అందుకే వద్దంటాండా.”

“నీకు సిగ్గయితే ఇంటికి పో.”

ఆమె పోలేదు. బెల్లం మూటల పక్కన అలాగే నిలబడింది.

మదనపల్లె ఊరి బయట షెడ్డు అది. గోడ మీద ‘భరత్ ఫుడ్స్’ అని నిలువెత్తు అక్షరాలు. లోపల బట్టీ మీద మరమరాల్లా పేలిన బొరుగులు, చెనక్కాయ ఉండలు తయారవుతాయి. వాటి వేడి, బెల్లం పాకం వాసన షెడ్డంతా నిండి ఉంటాయి.

యూట్యూబ్ ఛానల్ ఉమాశంకర్ కెమెరా నిలబెట్టి, పళ్ళెంలో పెట్టిన ఉండల్లో సగం ఖాళీ చేసి, కుప్పమ్మను ఎగాదిగా చూశాడు.

“అమ్మా, ఆ బంగారు గాజులు కొంచెం తీసేస్తారా? కష్టం కనపడాల.”

“ఇవి కష్టంతో చేయించుకున్నవే నాయనా. కష్టం కనపడాలంటే ఇవే కనపడాల.”

“మా అమ్మ అంతే బ్రదర్, మీరు కానీండి” అని భరత్ నవ్వేశాడు.

కెమెరా మీద ఎర్రదీపం వెలిగింది. భరత్ గొంతు ఒక్కసారిగా జాలిగా మారిపోయింది.

“మాది గుడుపల్లె పక్కన చిన్న పల్లె. తినేదానికి తిండి లేదు. బడి మానేసి, బొరుగులు గంపలో పెట్టుకుని కుప్పం స్టేషనుకు నడిచిపోవడమే. బొగ్గు రైలు పొగకు కళ్ళు మండేవి. అయినా ఏ రోజూ ఏడవలేదు.”

కుప్పమ్మ పళ్ళు కొరికింది. ఏడవలేదా? కన్నీళ్ళు పడితే బొరుగులు మెత్తబడతాయని, మెత్తబడితే ఎవరూ కొనరని, ముఖం పక్కకు తిప్పుకుని ఏడ్చిన ఏడుపు ఆమెకు ఇప్పటికీ వినపడుతుంది.

“ఒకతూరి సూటేసుకున్న ఒకాయన గంపను కాలితో తన్నినాడు. పోయి కాలరు పట్టుకున్నా.”

“సూడు, వీని కొవ్వు!”

“అమ్మా, మీ మాట రికార్డయితాంది” అన్నాడు ఉమాశంకర్.

ఆమె నోరు మూసుకుంది. ఆ వయసు బిడ్డకు మనిషి కాలరు అందుతుందా? ఎవరూ ఎవరి కాలరూ పట్టుకోలేదు. వంగి, మన్నులో పడిన బొరుగులు గుప్పిళ్ళతో ఎత్తుకుని, చెరిగి, మళ్ళీ అరుస్తూ అమ్ముకోవడమే జరిగింది. గుడుపల్లెలో ఇంకా బతికున్న ముసలివాళ్ళకు ఇదంతా తెలుసు. వాళ్ళ మనవళ్ళ చేతుల్లో ఫోన్లున్నాయి. ఒక్కరు నవ్వితే చాలు, కుప్పం అంగడి తెరవకముందే మూతపడుతుంది.

“వేడి పాకంలో ఉండలు పట్టి పట్టి అరచేతులు బొబ్బలెక్కేవి” అంటున్నాడు భరత్.

“సూపర్ సార్! ఆ చేతులు ఒకసారి కెమెరాకు పెట్టండి.”

భరత్ చేతులు ప్యాంటు జేబుల్లోకి పోయాయి. “అవెప్పుడో మాసిపోయినాయి బ్రదర్.”

కుప్పమ్మ తన చేతులను కొంగులో చుట్టి బిగించింది. లేకపోతే అవి పోయి కొడుకు చెంప మీద పడేలా ఉన్నాయి.

“ఆ తర్వాత పుంగనూరు బస్టాండులో తోపుడుబండి. ఎండా వానా సూసుకోలేదు. ఆ బండి నుంచి ఈ షెడ్డు దాకా, అంతా ఈ రెండు చేతుల కష్టమే.”

బట్టీ దగ్గర పాత పనిమనిషి పద్మావతి నవ్వు ఆపుకోలేక, దగ్గినట్టు నటించింది.

ఈ రెండు చేతులేనంట! కుప్పమ్మ ఒక అడుగు ముందుకేసింది. అరుద్దామా? అరిస్తే వీడి పరువు ఈ గడపలోనే పోతుంది. కోడలు ముఖం మాడ్చుకుంటుంది. కొత్త అంగడికి అప్పిచ్చేవాళ్ళు వెనక్కి తగ్గుతారు. అరవకపోతే? రేపటి నుంచి మూడూళ్ళలో ఇదే నిజమైపోతుంది. మనవలు కూడా ఇదే నమ్ముతారు.

అంతలో కెమెరా ఆమె వైపు తిరిగింది.

“ఇప్పుడు మీరు చెప్పండమ్మా. పసిబిడ్డ ఆకలితో పనుకుంటాంటే, తల్లిగా మీ మనసుకు ఎట్లుండేది?”

“కొంచెం ఏడువుమా” అని భరత్ గొణిగాడు.

బట్టీ దగ్గర గరిటెలు ఆగిపోయాయి. ఆడవాళ్ళందరూ ఇటే చూస్తున్నారు. బయట లారీ ఒకటి వచ్చి ఆగింది, ఎవరూ పోలేదు.

“తొందరేం లేదమ్మా, ఈ మౌనం భలే వస్తాంది” అన్నాడు ఉమాశంకర్, కెమెరాను ఇంకొంచెం దగ్గరికి జరుపుతూ.

భరత్ నవ్వు మెల్లగా ఆరిపోయింది. తల అడ్డంగా ఊపాడు. వద్దు అన్నట్టుగా, బతిమాలుతున్నట్టుగా.

కుప్పమ్మ కొడుకు కళ్ళలోకి సూటిగా చూస్తూ చివరికి నోరు తెరిచింది.

“అది మాయమ్మను అడగాల్సిందప్పా, ఆకలితో పనుకునిన ఆ బిడ్డ నేనే.”