పది మీద పెట్టిన ప్యాడ్లు

“నీ చేతికి ఏమైందిరా జాన్? దెబ్బలన్నీ ఒక్కతీరుగ పడుతున్నయ్. ఎక్కుడు లేదు, దిగుడు లేదు. బరాత్‌ల తీన్మార్ కొడుతున్నవా, పిల్లిని నిమురుతున్నవా?”

ఫోన్లో బ్యాండు యజమాని శ్రీనివాస్. ఉన్న మాట చెప్పుకుంటే నవ్వుతారు.

శ్రీనివాస్ కోపంలో అన్యాయమూ లేదు. సాయంత్రం వనపర్తిలో బరాత్, పెళ్లి ఊరేగింపు ఉంది. నాలుగు కొట్టేలోగా ఒక తీన్మార్ దరువు నిండుగా వాయించి, హెడ్‌ఫోన్లో కాదు, స్పీకర్ బాక్సులోంచి వచ్చే మోతనే వీడియో తీసి పంపాలట. బాగుంటే జాన్ వెళ్తాడు. లేకుంటే అచ్చంపేట నుంచి వేరేవాడు వస్తాడు, ఇక ముందు కూడా వాడే ఉంటాడు. జాన్‌కు ఇంకో పని చేతకాదు.

అతని ముందు పదహారు రబ్బరు గడుల, అంటే ప్యాడ్ల, డ్రమ్ మిషన్ ఉంది. వేళ్లతో కొడితే ఒక్కో గడిలో ఒక్కో వాద్యం పలుకుతుంది. ఎంత బలంగా తాకితే పలకాలో చెప్పేది సెన్సిటివిటీ. దాన్ని పది మీద పెడితే ఈగ వాలినా మోగేస్తుంది. నాలుగు మీద పెడితే చేతిలో సత్తువ ఉన్నవాడికే లొంగుతుంది. ఒకప్పుడు జాన్ నాలుగు మీదే వాయించేవాడు. నాగర్‌కర్నూల్ చుట్టుపక్కల అతని తీన్మార్‌కు ముసలివాళ్లు కూడా చేతికర్ర పక్కన పడేసి ఆడేవారు.

ఎనిమిది నెలలుగా అది పది మీదే ఉంది. ఇంట్లో వాల్యూమ్ ఒకటి దాటలేదు.

కారణం పాప. ఇద్దరు కడుపులోనే పోయాక పుట్టిన పిల్ల. ఏడో నెలకే పుట్టింది. ఇరవై రోజులు అద్దాల పెట్టెలో ఉంచారు. ఇంటికి పంపేటప్పుడు డాక్టరమ్మ, పిల్ల ఎంత నిద్రపోతే అంత బరువు పెరుగుతుందని చెప్పింది. జాన్ భార్య దీపికకు ఆ మాట వేదవాక్కు అయింది.

ఆనాటి నుంచి ఇంట్లో చప్పుడు బంద్. దీపిక కాళ్ల పట్టీలు తీసి పెట్టెలో వేసింది. విజిల్ వేస్తుందని కుక్కర్ అటకెక్కించి, అన్నం గిన్నెలోనే వండుతోంది. టీవీలో బొమ్మలే తప్ప మాటలు లేవు. కిటికీలకు బొంతలు కట్టింది. జాన్ బండిని సందు చివరిదాకా తోసుకుపోయి అక్కడ స్టార్ట్ చేస్తాడు. ఇంట్లోనేమో హెడ్‌ఫోన్ పెట్టుకుని, గడుల మీద టకటక కూడా వినపడకుండా వేలికొసలతో తాకుతాడు. ఆ అలవాటే బరాత్‌ల్లోనూ చేతికి అంటుకుంది. ఆలుమగలు పోట్లాడుకున్నా సైగలతోనే. చెప్తే నమ్మరు గానీ, దాంతో పోట్లాటలు బాగా తగ్గాయి కూడా.

“దీనికి మాటలొచ్చేసరికి మనం మూగోళ్లమైతం,” అని ఓసారి జాన్ గుసగుసలాడితే, దీపిక నోటి మీద వేలు పెట్టుకుంది.

ఆమె కాపలా వట్టిపోలేదు. ఎనిమిది నెలల్లో చప్పుడుకు పాప నిద్ర ఒక్కనాడూ చెడలేదు. ఒళ్లు చేసింది, బుగ్గలు బూరెల్లా వచ్చాయి. చెడింది జాన్ చెయ్యి ఒక్కటే.

ఇప్పుడు మూడు దాటింది. పాప అప్పుడే పడుకుంది. బయట ముసురు, మిషన్ తడిస్తే ఇక అంతే. వాయించడానికి చర్చికి పోదామంటే తాళం వేసి ఉంది. ఇంట్లో ఉన్నదా, ఒకటే గది. జాన్ ఈసారి సైగలు చేయలేదు, ఉన్నదంతా మాటల్లోనే చెప్పాడు.

దీపిక ఊయల వైపు చూసింది. ఆమెకు పాప నిద్ర చెడుతుందని భయం. పని పోతే ఏం తింటామని అంతకంటే భయం.

“ఒక్క పాటనే. లేస్తే నేను ఎత్తుకుంట. నువ్వు మాత్రం ఆగకు,” అని ఊయల తాడు పట్టుకుని కూర్చుంది.

జాన్ మిషన్‌కు స్పీకర్ బాక్సు తగిలించి, సెన్సిటివిటీ నాలుగుకు దించాడు. వాల్యూమ్ మూడుకు తెచ్చి కొట్టాడు. సగం దెబ్బలు పలకనే లేదు. వేళ్లు మెత్తబడిపోయాయి. సిగ్గేసింది, ఏడుపొచ్చింది. మళ్లీ పదికి పెంచుదామని చెయ్యి పోయింది గానీ, పళ్లు కొరుక్కుని వెనక్కి తీసుకున్నాడు. వాల్యూమ్ ఎనిమిదికి తిప్పి, గోడకానించిన ఫోన్లో వీడియో ఆన్ చేసి కళ్లు మూసుకున్నాడు.

మొదటి వరసకే అల్మారాలోని స్టీలు గ్లాసు దొర్లి కిందపడింది. రెండో వరసకు వేళ్లకు పాత పొగరు వచ్చింది. ఎనిమిది నెలల మూగనోము ఒక్కపెట్టున తెగింది. సందులో కుక్కలు అరుపులు లంకించుకున్నాయి. ఎదురింటి పిల్లలు వానలోనే గంతులేశారు. దీపిక కూడా లోకం మరిచి అతని చేతులనే చూస్తోంది. ఆమె చెయ్యి మాత్రం అలవాటుగా తాడు లాగుతోంది.

నాలుగు నిమిషాల తర్వాత ఆపాడు. వేలికొసలు మండుతున్నాయి. వీడియో పంపగానే ఫోన్ మోగింది.

“గిదిరా నీ చెయ్యి. ఇన్నొద్దులు ఏడ దాచిపెట్టినవ్? అయిదింటికి బండి పంపుత, తయారుండు.”

జాన్ కూలబడి నవ్వాడు. దీపిక కొంగుతో కళ్లు తుడుచుకుంది. గండం గడిచింది.

అంతలో తలుపు దబదబా మోగింది. మేడ మీద ఉండే ఇంటి ఓనరు కుల్సుమ్‌బీ. మోకాళ్ల నొప్పుల మనిషి, గోడ పట్టుకుని మెట్లు దిగి వచ్చింది.

“ఏం మోత బేటా గది. నా మంచం ఊగితే పిడుగు పడ్డదనుకున్న. పసిపిల్ల దడుసుకున్నదో ఏమో, జర ఇటియ్యి, దువా చదివి ఊదుత,” అని చేతులు చాపింది.

ముగ్గురూ ఊయలలోకి తొంగి చూశారు. కుల్సుమ్‌బీ పాప చెవి దగ్గర గట్టిగా చప్పట్లు చరిచింది.

బాక్సుకు మూరెడు దూరంలో పాప ఎప్పటిలాగే, కనురెప్పైనా కదలకుండా, హాయిగా నిద్రపోతోంది.