తగ్గిపోయే జబ్బు

ఆసుపత్రి రికార్డుల గదిలో మొదటి గుద్దుకే కోడరుగారి కళ్లజోడు ప్రింటరు వెనక తలదాచుకుంది. పసికందుల జబ్బులకు కోడు అంకెలు వేసుకోవడం తప్ప ఎవరి జోలికీ పోని ఆ మహానుభావుణ్ణి, పొద్దున పుట్టిన ఓ పాప తండ్రి వచ్చి, పీక పట్టుకుని బీరువాకేసి బాదాడు.

"పాప వాళ్లమ్మ కడుపులో ఉండగానే మలం ఊపిరితిత్తుల్లోకి పీల్చుకుందని కోడు వేశావు. దాన్ని మార్చు. ఊపిరితిత్తుల్లో తడి ఉందని వెయ్యి. అదైతే రెండ్రోజుల్లో తగ్గిపోతుందటగా."

"డాక్టరు రాసిందే వెయ్యాలన్నా. అయినా నేను అంకె మార్చితే ఊపిరితిత్తులు వింటాయా?"

ఈ వేదాంతానికి సన్మానంగా కీబోర్డు ఆయన నెత్తిమీద రెండు ముక్కలైంది. నుదురు చిట్లి, రక్తం కాలరుదాకా కారింది.

"పాప ఇందాకే పోయింది," అన్నాడు తండ్రి, మళ్లీ పిడికిలి ఎత్తి. "వాళ్లమ్మకి ఇంకా మత్తు దిగలేదు. కళ్లు తెరవగానే ఫోనులో ఆసుపత్రి యాప్ తెరిచి పాప ఫైలు చూస్తుంది. నేను వెళ్లి చెప్పేదాకా అందులో తగ్గిపోయే జబ్బే కనబడాలి."

కోడరు మౌసు వెతుక్కుని, ఫైలును డాక్టరు వివరణ కోసమని ఆపేశాడు. అలా ఆపితే అది ఎవరి ఫోనులోనూ తెరుచుకోదు.

"ఇక వెళ్లి చెప్పన్నా."

తండ్రి పిడికిలి దించలేదు.

"ఇంకాసేపు కొట్టనియ్యి తమ్ముడూ," అన్నాడు.