గధా సేఠ్ డైలాగ్

“ఓ పెద్దమనిషీ, జర నోరు మూసుకుంటవా?”

వినోద్ అంత మాట అనేశాడు. కూతురికి అటుపక్క సీట్లో ఉన్న ముసలాయన గతుక్కుమన్నాడు.

అనక ఏం చేస్తాడు! సినిమా మొదలైనప్పటి నుంచి ఆయనది ఒకటే గొణుగుడు. తెర మీద హిందీ, ఇక్కడేమో తెలుగు. ముందు వరసలో ఒకాయన వెనక్కి తిరిగి, “భాయ్, శాంతి రాఖో నే” అని విసుక్కున్నాడు. అదీ వినోద్ మొహం చూసి! తల కొట్టేసినట్టయింది.

“తప్పయింది బిడ్డా. పాత అలవాటు,” అన్నాడు ముసలాయన.

అంతలోనే ఇంటర్వెల్ పడింది. లేచి వెళ్లినవాడు మళ్లీ రాలేదు.

పీడా పోయిందనుకున్నాడు వినోద్.

అసలే ప్రాణం విసిగి ఉన్నాడు. వారమంతా సూరత్ ఉధ్నాలో బట్టలు నేసే సాంచెల మధ్య నిలబడే కొలువు. ఆ చప్పుడుకు చెవులు సగం మూతపడ్డాయి. పక్కన ఎవరైనా గొణిగితే గొణుగుడే వినిపిస్తుంది గానీ మాట తెలియదు. ఉన్న ఒక్క సెలవు రోజు కడుపునిండా నిద్రపోక, కూతురు నవతను వెంటేసుకుని సినిమాకు వచ్చాడు.

వచ్చింది ‘గధా సేఠ్’ సినిమా ఆయె! తలపాగా చుట్టుకుని కిరాణా కొట్టు నడిపే గాడిద, దాన్ని రోజూ బురిడీ కొట్టించే కాకి. చిన్నప్పుడు టీవీలో ఆ కార్టూన్ వస్తే వినోద్‌కు అన్నం కూడా గుర్తుండేది కాదు.

ఇప్పుడు నవతకు ఎనిమిదేళ్లు. ఇంట్లో తెలుగు మాట్లాడదు. అడిగితే హిందీ, అలిగితే గుజరాతీ. తండ్రి నవ్వినదానికి నవ్వదు, తండ్రి కథ చెప్తే వినదు. ఈ ఒక్కదానికైనా ఇద్దరూ కలిసి నవ్వాలని అతని ఆశ. పెద్ద ఆశేం కాదు.

“సేఠ్ కిందవడ్డప్పుడల్ల ఒక డైలాగ్ కొడ్తడు బిడ్డా. ‘ఆపుండ్రి, ఆపుండ్రి, పోగు తెగింది!’ అంటడు. కడుపుబ్బ నవ్వుతవ్,” అని దారి పొడుగునా ఊరించాడు.

“గధే కో పోగు క్యోం, పప్పా?”

గాడిదకు పోగెందుకో అతనికి మాత్రం ఏం తెలుసు! “సూస్తవ్ గద,” అన్నాడు.

ఏం చూడటం, వాళ్ల మొహం! ఎవడో హీరో గాడిద తల తగిలించుకుని సముద్రం ఒడ్డున డ్యాన్సులు చేశాడు. కొట్టు మాత్రం అదే కొట్టు. దాని తలుపు తెరుచుకోగానే వినోద్ సీట్లో ముందుకు జరిగాడు. అంతలోనే పాట వచ్చి అంతా పాడు చేసింది. సేఠ్ ఎన్నిసార్లో పడ్డాడు. పడ్డప్పుడల్లా బాంబు పేలిన చప్పుడే తప్ప డైలాగ్ లేదు.

ఇంటర్వెల్ దాకా నవత పడీపడీ నవ్వింది. పోనీ, పిల్లకన్నా నచ్చిందిలే అనుకున్నాడు. ఆ తర్వాత ఎందుకో చప్పబడిపోయింది. కాసేపటికి అతని భుజం మీద తల పెట్టి నిద్రపోయింది.

కోసాడ్ బస్సెక్కాక అడిగాడు. “మొదాల మంచిగ నవ్వినవ్. ఎన్కసీర ఏమైంది?”

“వో దాదా చలే గయే నా!”

సినిమా ఏం బాలేదట. పక్క సీట్లోంచి వెళ్లిపోయిన తాత చెప్పిందే బాగుందట.

“ఏం చెప్పిండు తాత?”

నవత సీట్లో లేచి నిలబడింది. నడుం మీద చెయ్యి పెట్టి, గొంతు బొంగురు చేసింది. “ఆపుండ్రి, ఆపుండ్రి, పోగు తెగింది!” వెంటనే కాకి గొంతు పెట్టింది. “ముడెయ్యి సేఠ్, లేకుంటే పగారు కట్!”

కూతురి నోట అంత చక్కటి తెలుగు వినడం అదే మొదలు. కాకి మాట అతను కూతురికి చెప్పలేదు. అతనే మరిచిపోయాడు.

ఆ కార్టూన్ చూసినవాళ్లు సూరత్‌లో బోలెడుమంది. డైలాగ్ చెప్తే ఒక్కడూ నమ్మలేదు. ‘నీకు పిచ్చి లేసిందే’ అని నవ్వారు. ఇన్నేళ్లకు యాదున్నవాడు ఒక్కడు దొరికితే, తనే నోరు మూసుకోమన్నాడు!

ఇంటికెళ్లేసరికి తల్లి ఎల్లవ్వ చిక్కుడుకాయ తుంచుతోంది. గోడకు చేరగిలబడి జరిగిందంతా చెప్పాడు. “నా లెక్కనే గా కార్టూన్ సూసినోడు అమ్మా. నేనే ఎల్లగొట్టిన.”

“ఏ కార్టూన్ రా? ఉధ్నల ఉన్నప్పుడు సూసేటోనివి, గా గాడిద బొమ్మనా?”

“గదే. డైలాగులు మస్తుండె.”

ఎల్లవ్వ నవ్వింది. “డైలాగులేడియి రా పిచ్చోడా? మీ నాయిన సెకండ్‌హ్యాండ్‌ల తెచ్చిన టీవీ అది. బొమ్మొచ్చేది గని, సప్పుడే రాకపోయేది.”

“మరి నేను ఇన్నది?”

“నీకప్పుడు ఐదేండ్లు, యాదికుండదు. పక్క రూం లక్ష్మీరాజం, పాపం, సాంచెల మీద రాత్రిపాళి జేసొచ్చి, పండుకునుడు ఇడిసిపెట్టి, నిన్ను ఒళ్లె కూసోవెట్టుకొని, గాడిదకో గొంతు కాకికో గొంతు దీసి, గా మాటలన్నీ ఆయినే అంటుండె.”