పైకి ఏ రోజైనా

“దించడానికేం లేదు బాబాయ్. మీరు అడుగునే ఉన్నారు,” అంది కౌంటరులోని లమీస్, కంప్యూటర్ మీంచి కళ్లెత్తకుండా.

షుక్రీ నమ్మలేదు. కళ్లజోడు తుడుచుకుని తనూ తొంగిచూశాడు. ఏడాదిగా ఇదే తంతు. ఒకటో తేదీన మాదబా బజారులోని ఈ ఫోన్ల దుకాణానికొచ్చి తన ఫోన్ ప్లాన్‌ను అన్నిటికన్నా చవకదానికి దింపించుకుంటాడు. ఇరవయ్యో తేదీకల్లా అది మళ్లీ పైకెక్కి కూర్చుంటుంది. బిల్లు మాత్రం పెరగదు. అదే అతని అనుమానం. రెండేళ్ల ఒప్పందంలో పైకి ఏ రోజైనా ఎక్కొచ్చు. దిగడం ఒక్క ఒకటో తేదీనే, అదీ లైను గలవాడు స్వయంగా వస్తేనే.

“అంటే పోయిన నెల ఎక్కించలేదన్నమాట! భయపడ్డారు మీ కంపెనీ వాళ్లు. ముప్ఫై ఏళ్లు బళ్లో లెక్కలు చెప్పినవాణ్ణి. ముందు ఊరికే ఇచ్చి, చివర్లో మెడకు చుట్టే ఎత్తులు నా దగ్గరా?”

“సరే, మీరే గెలిచారు. ముందు కూర్చోండి.”

ఆమె కుర్చీ జరిపి, వాసనకు మరియమియ ఆకు వేసిన టీ ముందుంచింది. ఎన్ని మాటలన్నా ఈ పిల్ల టీ ఇవ్వడం మానదు. చక్కెర తగ్గించడం మరిచిపోదు.

అసలు ఇక్కడికి దగ్గరి దారి వడ్రంగుల వీధి. తమ్ముడు ఫవ్వాజ్ కొట్టు అక్కడే. అమ్మ వదిలిన ఆలివ్ చెట్ల పంపకంలో మాట పట్టింపు వచ్చి ఆరేళ్లయింది. అప్పట్నుంచి షుక్రీ చుట్టుదారినే వస్తాడు. ఈ రోజు మాత్రం దగ్గరి దారినే వచ్చాడు. కొట్టు మూసి ఉంది.

గెలుపు బాగానే ఉంది గానీ, ఇంట్లో పదకొండు రోజులుగా మాట లేదు. ఇర్బిద్‌లో ఉన్న అక్క వదీదాకు చూపు పోయింది. రోజూ పొద్దున్నే ఫోన్లో ఆమెకు పేపరు చదివి వినిపిస్తాడు. భార్య పోయాక అతను నోరు విప్పేది ఆ అరగంటే. పోయిన నెల ఇరవైన నిమిషాలు అయిపోయాయి. అక్క కూడా తనంతట తాను ఫోన్ చేయలేదు.

“ఒక మాట చెప్తాను, కోప్పడకండి,” అంది లమీస్. “ఎక్కించింది మా కంపెనీ కాదు. చెప్పొద్దన్నాడాయన. కానీ నెలనెలా మీరొచ్చి మమ్మల్ని దొంగలంటుంటే ఎన్నాళ్లని ఊరుకోను?”

“ఎవడు వాడు?”

“పేరు చెప్పకూడదు. గుర్తింపు కార్డు చూపించి, డబ్బు తేడా కట్టేస్తే ఎవరి లైనైనా ఎవరైనా పెంచొచ్చు. ప్రతి నెలా ఇరవైన వస్తాడు. మీరు కూర్చున్న కుర్చీలోనే కూర్చుని, ‘మా మాస్టారి నిమిషాలు అయిపోయాయా తల్లీ’ అంటాడు. ‘నేనని తెలిస్తే ఫోను గోడకేసి కొడతాడు, మొండిఘటం’ అని ఒకటే నవ్వు.”

“పాత శిష్యుడెవడో అయ్యుంటాడు.”

“శిష్యుడా! మీకన్నా రెండు మూడేళ్లు చిన్నేమో, అంతే. బట్టల నిండా రంపపు పొట్టు. కుడిచేతికి రెండు వేళ్లు లేవు పాపం. ఎడం చేత్తో ఎంత మెల్లగా సంతకం చేస్తాడో!”

షుక్రీ టీ గ్లాసు కింద పెట్టాడు. పెట్టిన చెయ్యి దాని మీదే ఉండిపోయింది.

“పోయిన నెల రాలేదు. మీ మీద అలిగాడో ఏమో,” అని నవ్వింది లమీస్. “ఈ ఇరవైన వస్తే ఏం చెప్పమంటారు బాబాయ్? పెంచనా, వద్దననా?”

అతను గ్లాసు పక్కకు జరిపి, కుర్చీలోంచి లేచాడు.

“పెంచు తల్లీ.”

పోయిన నెల పంతొమ్మిదిన ఫవ్వాజ్ ఖననానికి అతను వెళ్లలేదు.