గుండ్రటి రక్తకణాలు

తమ్ముడూ ఘాసీ, మన సుబల్ బతికే ఉన్నాడురా! నా కొడుకు చచ్చిపోలేదురా!

ఆసుపత్రి డాక్టరమ్మ నన్ను పిలిపించింది. కరోనాతో పోయాడని వాళ్లు ముఖం చూపించకుండా మూటకట్టి ఇస్తే మనం దహనం చేశామే, ఆ పిల్లాడి ఊపిరితిత్తుల్లోంచి ముందే ముక్క తీసి పరీక్షకు పంపారట. "వైరస్‌కు ఊపిరితిత్తి కణాలన్నీ పాడయ్యాయి బాబా. రక్తకణాలు మాత్రం గుండ్రంగా ఉన్నాయి. మీవాడివి కొడవల్లా వంగి ఉండాలిగా!" అంది.

పాతికేళ్లు నేను తిట్టిపోసిన సికిల్ సెల్ జబ్బే నా బిడ్డను గుర్తుపట్టించింది. వార్డులోకి పరుగెత్తి చూశాను, వేరొకరి పేరు చీటీ ఉన్న మంచం మీద మన సుబల్! ఇవాళే తెలివొచ్చిందట. ఆక్సిజన్ గొట్టంతో ఆయాసపడుతూనే, "ఎవరు పోయారు బాబా, గుండు చేయించుకున్నావు?" అన్నాడు.

ముందు మీ వదినకు చెప్పు, మైల కుండలు పారేసి కొత్త కుండలో అన్నం వండమను. బర్గఢ్ అక్కకు చెప్పు, ఏడుపు ఆపమను. బావకు చెప్పు, కర్మ భోజనాలకు బయలుదేరొద్దను.

ఇంకొకాయన ఇక్కడే ఆసుపత్రి మెట్ల మీద ఉన్నాడు. కొడుకు కోలుకుంటున్నాడని నమ్మి మరమరాల పొట్లం పట్టుకుని కూర్చున్నాడు. వాళ్లబ్బాయికి తలకొరివి పెట్టింది నేను. ఆ కొరివితో ఆయనా మన చుట్టమయ్యాడు. ఆయనకు నేనే చెప్పాలి.