అలవాటైన చప్పుడు

ఇంట్లో తన మాట ఎవరూ చెవిన పెట్టరన్నది పెంటయ్యకు ఎప్పుడో తేలిపోయిన సంగతి. అందుకే కొడుకు శివశంకర్ పాత కారు కొనడానికి చూద్దామని స్కూటర్ మీద మాదాపూర్ తీసుకొస్తే, మాట్లాడకుండా ఆ కారు వెనక సీట్లో కూర్చున్నాడు.

కారు అమ్ముతున్న శ్యామ్ బండి కదిలిస్తూనే భక్తిపాటల క్యాసెట్ సౌండు పెంచాడు.

"జర ఆ పాట బందు చెయ్యి" అన్నాడు పెంటయ్య.

"దేవుని పాట నడుమల ఆపొద్దు నాయినా" అన్నాడు శివశంకర్. "కారుల పోతే ఆఫీసు గేటుకాడ సెల్యూట్ కొడతరు, ఎరికేనా?"

పెంటయ్యే ముందుకు వంగి, చెయ్యి చాపి పాట ఆపేశాడు. ఇంజను ఖళ్లుఖళ్లుమంది.

"రెండేళ్లుగా ఇంతేనండీ" నవ్వాడు శ్యామ్. "వారంలో అలవాటైపోతుందండీ."

"అయితది. మీ అమ్మ దగ్గు నాకు గిట్లనే అలవాటైంది" అన్నాడు పెంటయ్య కొడుకుతో. "దవాఖానకు తీస్కపోయేసరికి ఏం మిగల్లే."

శివశంకర్ కారు ఆపించాడు.

"గీ మాట నాకెన్నడు చెప్పలేదేంది నాయినా?"

పెంటయ్య దిగి తలుపు వేశాడు.

"స్కూటర్ తియ్యి. ఇగ గా ముచ్చట నన్నెన్నడూ అడగకు."