గడ్డం కింది చెయ్యి

అంగడి మొగదల కూర్చునే ఆ చీపుర్ల ముసలమ్మకు తన మీద ఏం పగో, సోమమ్మకు మూడేండ్లుగా అంతు పట్టలేదు.

ఆ రోజు కూడా అదే జరిగింది.

రామన్నపేట అంగడిలో సోమమ్మ కూరగాయల విత్తనాలు అమ్ముతుంది. బీర, కాకర, చిక్కుడు, పాలకూర. అన్నీ తన పెరట్లో కాసినవే, బూడిద కలిపి దాచినవే. పొద్దున్నే దేవుని ముందు దీపం పెట్టి, విత్తనాల సంచులకు దండం పెట్టుకుని గాని ఇల్లు కదలదు.

ఎవరో ఆలుమగలు అంగడిలోకి వస్తూ ముసలమ్మ దగ్గర ఆగారు. ఏదో అడిగారు.

అప్పటిదాకా గడ్డం కింద చెయ్యి పెట్టుకుని కదలకుండా కూర్చున్న ముసలమ్మ, ఆ చెయ్యి తీసి దూరంగా ఉన్న సోమమ్మను చూపించింది. చూపిస్తూనే తల అడ్డంగా ఊపింది. ఆపకుండా ఊపింది.

ఆలుమగలు ఒకరి మొహం ఒకరు చూసుకుని, ఎదురుగా ఉన్న ప్యాకెట్ విత్తనాల దుకాణానికి నడిచారు.

"చూసినవా పరమేశన్నా?" అంది సోమమ్మ, పక్కన ఉల్లిగడ్డలు అమ్మే పరమేష్‌తో.

"చూస్తనే ఉన్న. నీ దిక్కు ఏలు వెట్టి మరీ వద్దంటాంది."

"నేనేం జేసిన ఆమెకు?"

"గా దుకాణపాయన అంగడంగడికి చాయ తాపిస్తున్నడేమో. ఉత్తగ ఎవరన్న తలకాయ ఊపుతరా?"

సోమమ్మ గుండెలో ముల్లు దిగినట్టయింది. విత్తనాన్ని కొరికి చూసి కొనలేరు. మొలిచేదాకా అమ్మినవాళ్ల మీద నమ్మకమే. అది పోతే తన పొయ్యిలో పిల్లి లేవదు.

లేచి, విసవిసా ముసలమ్మ దగ్గరికి పోయింది.

"ఏందవ్వా, నా ఇత్తులు మొలుస్తలేవని జెప్తున్నవా జనానికి?"

ముసలమ్మ ఉలిక్కిపడి గడ్డం కింది చెయ్యి తీసింది.

"అయ్యో, లేదు బిడ్డా. నేనెందుకంట?" అంది తల అడ్డంగా ఊపుతూ.

"మరి నిన్ను అడిగినోళ్లు అటెందుకు మళ్లుతున్నరు?"

"నాకేమెరుక? నేనైతే మంచే జెప్తున్న."

"కనవడ్తనే ఉంది నీ మంచి."

చుట్టుపక్కల వాళ్లు నవ్వారు. ముసలమ్మ మళ్లీ చెయ్యి గడ్డం కింద పెట్టుకుని, ముందున్న ఈత చీపుర్ల వైపు చూస్తూ కూర్చుంది.

ఆ ఊరుకోవడమే సోమమ్మకు తప్పు ఒప్పుకున్నట్టు కనిపించింది.

సాయంత్రం అంగడి రుసుము వసూలుకు రాంచందర్ వచ్చాడు.

"ఆ చీపుర్లామెను ఆడికెల్లి లేపు. లేకుంటే నేనే ఈ అంగడికి రాను" అంది సోమమ్మ.

మరుసటి అంగడికి ముసలమ్మను వెనక, మేకలు కట్టేసే జాగాకు పంపేశారు. ఎవరితోనూ పంచాయితీ పెట్టుకోకుండా చీపుర్ల మోపు ఎత్తుకుని పోయింది. ఆ తర్వాత అక్కడా కనబడలేదు.

పీడ పోయిందనుకుంది సోమమ్మ. కానీ దీపం ముందు కూర్చుంటే మనసు నిలవలేదు. చెడు చేసిన మనిషిని దూరం చేసుకుంటే ఇంత బరువెందుకు దేవుడా, అనుకుంది.

బేరాలు పెరుగుతాయనుకుంటే సగానికి పడిపోయాయి.

వానకాలం మొదట్లో ఒకనాడు, తలకు రుమాలు చుట్టుకున్న పెద్దాయన వచ్చి నిలబడ్డాడు. చేతిలో చిన్న మూట ఉంది.

"ఇత్తుల సోమమ్మవు నువ్వేనా?"

"ఎవలు పంపిండ్రు?"

"చీపుర్ల ఉప్పలమ్మ మా అక్క. నా పేరు గాలయ్య. చిట్యాల దిక్కుకెల్లి వచ్చిన."

సోమమ్మ కొంగు నడుముకు దోపింది.

"పంచాదికొచ్చినవా? మీ అక్కను ఊకెనే లేపియ్యలే. ఎవరొచ్చినా నన్ను జూపి తలకాయ ఊపుడే."

"తలకాయ ఆమె ఊపుతలేదమ్మా. అదే ఊగుతది."

సోమమ్మ అనుమానంగా చూసింది.

"వణుకు రోగం. కొందరికి చేతులకొస్తది, ఆమెకు తలకొచ్చింది. గడ్డం కింద చెయ్యి ఆనిస్తే జర ఆగుతది. అందుకే గట్ల కూసుంటది. చెయ్యి తీసిందంటే ఇగ ఆమె చేతుల లేదు."

"మరి నా దిక్కు జూపినప్పుడే..."

"చూపాలంటే చెయ్యి తియ్యాలె గద. 'సోమమ్మ తాన కొనుండ్రి, గింజ గింజ మొలుస్తది' అంటుండె. తలకాయ జూసినోళ్లు అటు పోయిండ్రు. మాట విన్నోళ్లు నీ దగ్గరికొచ్చిండ్రు."

పరమేష్ తల ఎత్తకుండా ఉల్లిగడ్డలు ఏరుకుంటున్నాడు.

సోమమ్మకు పోయినవాళ్లే గుర్తున్నారు. వచ్చినవాళ్లను ఎవరు పంపారని ఎన్నడూ అడగలేదు.

"అవ్వను రమ్మను. నేనే వచ్చి తోల్కొస్త. ఇగ నా పక్కన్నే కూసుంటది."

"రాలేదమ్మా. ఇప్పుడు చెయ్యి ఆనించినా తల నిలుస్తలేదు. బువ్వ గూడ మేమే తినిపిస్తున్నం."

గాలయ్య కింద కూర్చుని మూట విప్పాడు. చారెడు చిక్కుడు గింజలు.

"మా ఇంటి పందిరికి కాసినయి. నీకు ముట్టజెప్పుమన్నది."

"నాకెందుకు?"

"నీకు యాదుండదు. తెలంగాణొచ్చిన ఏడు, మొగడు పోయిన ఒక ఆడమనిషి ఉత్త చేతులతోటి నీ దగ్గరికి ఇత్తులకొచ్చిందట. నువ్విచ్చిన చిక్కుడు పాదు కాయకముందే కరువుకు ఎండిపోయింది. తర్వాత మళ్ల పెట్టనీకి ఆమెకు జాగ లేకపాయె. అయినా నీ బాకి మర్వలే" అన్నాడు గాలయ్య, గింజల్ని సోమమ్మ సంచిలో పోస్తూ. "పైసల్లేవంటే 'కాసినంక ఇద్దువు గాని పో అక్కా' అని ఒళ్లె చారెడు పోసినవంట, గా ఆడమనిషే మా ఉప్పలమ్మ."